ప్రజాధనంతో వేసిన లైన్లపై ప్రైవేటు వ్యాపారం: ఎన్‌ఎస్‌ఎఫ్‌నెట్ నేపథ్యం

సర్కారు నెట్‌వర్క్‌ను అమ్మకాలకు వాడుకోవడం 1978లోనే బయటపడింది. అమెరికా రక్షణ శాఖ నడిపిన అర్పానెట్ అనే కంప్యూటర్ నెట్‌వర్క్‌లో డెక్ కంపెనీ తన కొత్త కంప్యూటర్ల ప్రదర్శనకు రమ్మంటూ సుమారు 400 మందికి ఒకే మెయిల్ పంపింది. చిరునామాలు మెయిల్ పైభాగంలోని హెడర్‌లో పట్టక, మిగిలినవి ఉత్తరంలోకే పొంగిపొర్లాయి. అధికారులు గట్టిగా మందలించారు.

అసలు పేచీ మాత్రం ఎన్‌ఎస్‌ఎఫ్‌నెట్‌తో వచ్చింది. పరిశోధనలకు నిధులిచ్చే అమెరికా ప్రభుత్వ సంస్థ నేషనల్ సైన్స్ ఫౌండేషన్ (ఎన్‌ఎస్‌ఎఫ్) 1986లో సూపర్‌కంప్యూటర్ కేంద్రాలను సెకనుకు 56 కిలోబిట్ల లైన్లతో కలిపింది; అదే ఎన్‌ఎస్‌ఎఫ్‌నెట్. రద్దీకి అవి చాలక, పనిని మిషిగన్‌లోని విశ్వవిద్యాలయాల నెట్‌వర్క్ సంస్థ మెరిట్‌కు అప్పగించారు. కంప్యూటర్ల కంపెనీ ఐబీఎం, టెలిఫోన్ కంపెనీ ఎంసీఐల తోడ్పాటుతో 1988 జులైకి బ్యాక్‌బోన్, అంటే మిగతా నెట్‌వర్క్‌లను కలిపే ప్రధాన లైన్ల వేగం సెకనుకు 1.5 మెగాబిట్లకు చేరింది.

ఈ లైన్లు విద్యకు, బహిరంగ పరిశోధనకు మాత్రమే అన్నది వాడకం నియమం. పరిశోధనకు పనికొచ్చే కొత్త ఉత్పత్తి గురించి ప్రకటించవచ్చు, వ్యాపార ప్రచారం మాత్రం కూడదు. ఈ గీతను ట్రాఫిక్‌కు దారి చూపే రౌటర్ ఎలా చూస్తుంది? సమాచారాన్ని ముక్కలు చేసి పంపే ప్యాకెట్ మీద చిరునామా ఉంటుంది గానీ ఉద్దేశం ఉండదు. మెరిట్ చేతిలో ఉన్నది ఏ నెట్‌వర్క్ నంబరు ఎటునుంచి రావచ్చో రాసుకున్న పట్టిక. దాంతో ఒక నెట్‌వర్క్‌ను మొత్తంగా రానివ్వగలరు, లేదా ఆపగలరు. అదే ఆఫీసు నుంచి వెళ్లే పరిశోధన పత్రాన్నీ కొనుగోలు ఆర్డరునూ వేరు చేయలేరు. నియమం పాటించడం వాడేవారి మనస్సాక్షికే మిగిలింది.

1989లో ఇంటర్నెట్ రూపకర్తల్లో ఒకరైన వింట్ సెర్ఫ్ ప్రభుత్వ అనుమతి తీసుకుని, ప్రయోగం పేరుతో ఎంసీఐ కంపెనీ మెయిల్ సర్వీసు ఎంసీఐ మెయిల్‌ను ఇంటర్నెట్‌కు కలిపారు. అలా డబ్బు తీసుకుని నడిపే మెయిల్ సర్వీసుకు దారి దొరికింది. 1991లో పీఎస్‌ఐనెట్, ఆల్టర్‌నెట్, సెర్ఫ్‌నెట్ అనే నెట్‌వర్క్‌లు కలిసి సీఐఎక్స్ (కమర్షియల్ ఇంటర్నెట్ ఎక్స్ఛేంజ్) పెట్టుకుని, సర్కారు బ్యాక్‌బోన్ తాకకుండానే ట్రాఫిక్ ఇచ్చిపుచ్చుకున్నాయి. ఎంత ట్రాఫిక్ వచ్చినా ఒకదానికొకటి బిల్లు వేసుకోలేదు.

అసలు గొడవ ఏఎన్‌ఎస్‌తో ముదిరింది. మెరిట్, ఐబీఎం, ఎంసీఐ 1990లో స్థాపించిన ఈ లాభాపేక్ష లేని సంస్థ సెకనుకు 45 మెగాబిట్ల నెట్‌వర్క్ వేసి, ఎన్‌ఎస్‌ఎఫ్ ట్రాఫిక్‌ను దానిమీదే మోసింది. మరుసటి ఏడాది లాభార్జన కోసం ఒక అనుబంధ కంపెనీ తెరిచి, అదే లైన్లపై వ్యాపార సేవలూ అమ్మింది. విశ్వవిద్యాలయాలను బ్యాక్‌బోన్‌కు కలిపే ప్రాంతీయ నెట్‌వర్క్‌లు వ్యాపార ట్రాఫిక్ పంపాలంటే దానితో వేరే ఒప్పందం చేసుకోవాల్సి వచ్చేది. ప్రజల సొమ్ముతో పోషించిన లైను ఒక్కరికే పెట్టుబడిగా మారిందన్న పోటీదారుల ఆక్రోశం న్యాయమైనదే. సాంకేతికంగా తప్పు లేదు, లెక్కల్లో పారదర్శకత లేదు.

1992 మార్చిలో అమెరికా ప్రతినిధుల సభ సభ్యుడు రిక్ బౌచర్ నేతృత్వంలోని సభా ఉపసంఘం విచారణ జరిపింది. అక్టోబరులో వచ్చిన చట్టం, పరిశోధన, విద్యలకు నెట్‌వర్క్ సామర్థ్యం పెరిగేలా ఉంటే ఇతర వాడకాలకూ తలుపు తెరిచింది. తర్వాత వాషింగ్టన్, న్యూయార్క్, షికాగో, శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతాల కోసం, నెట్‌వర్క్‌లు ట్రాఫిక్ ఇచ్చిపుచ్చుకునే మొత్తం నాలుగు ఎక్స్ఛేంజ్ కేంద్రాలు ఏర్పాటు చేసి, 1995 ఏప్రిల్ 30న పాత బ్యాక్‌బోన్‌ను ఆపేశారు. ప్రాంతీయ నెట్‌వర్క్‌లు ప్రైవేటు లైన్లు కొనుక్కోవడానికి ఇచ్చిన సాయాన్ని నాలుగేళ్లలో దశలవారీగా తగ్గించుకుంటూ పోయారు.