గిట్ లాగ్‌లో మెయిల్ కనిపిస్తే సర్వే పంపేయొచ్చా? కొన్ని అపోహలు, వాస్తవాలు

ఎవరైనా చూసి మార్చుకోగలిగే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌కి కోడ్ రాసేవాళ్లు (కాంట్రిబ్యూటర్లు) ఎందుకు రాస్తారు, ఎందుకు మానేస్తారు అన్నది నా పరిశోధన. థీసిస్‌ల కాలం రాగానే విద్యార్థులు అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "సార్, కాంట్రిబ్యూటర్ల మెయిల్ ఐడీలు ఎలా తీయాలి?" కోడ్‌లో చేసిన ప్రతి మార్పునూ (దాన్నే కమిట్ అంటారు) చేసినవాళ్ల పేరు, మెయిల్‌తో సహా గిట్ అనే సాధనం రాసిపెడుతుంది; ఆ చిట్టానే గిట్ లాగ్. అందులోంచి తీయడం రెండు నిమిషాల పని. చిక్కంతా ఆ తర్వాతే.

అపోహ: కమిట్‌లో మెయిల్ అందరికీ కనిపిస్తోంది కదా, వాడుకోవచ్చు.

వాస్తవం: నేనూ ఇలాగే అనుకున్నాను. పీహెచ్‌డీ మొదటి ఏడాది ఒక ప్రాజెక్టు గిట్ లాగ్ అంతా దించి, మెయిళ్లు ఏరి, రాత్రికి రాత్రి స్క్రిప్టుతో అందరికీ ఒకే ఉత్తరం కొట్టాను. పొద్దున ఇన్‌బాక్స్ తెరిస్తే జవాబుల కంటే చీవాట్లే ఎక్కువ. ఒకాయన మాత్రం తిట్టలేదు. "ఎప్పుడో ఒక స్పెల్లింగ్ తప్పు దిద్దాను, అప్పట్నుంచీ మీలాంటివాళ్ల మెయిళ్లు వస్తూనే ఉన్నాయి" అని రాశాడు. తిట్టినా బాగుండేది.

కమిట్‌లో మెయిల్ ఉండేది ఆ మార్పు ఎవరిదో తెలియడానికి, రేపు ఏదైనా తేడా వస్తే ఎవర్ని అడగాలో తెలియడానికి. మన సర్వే ఆ లెక్కలోకి రాదు, అది పిలవని పేరంటమే. అసలు మెయిల్ బయటపడకుండా నోరిప్లై (జవాబులు అందని) చిరునామా పెట్టుకునే వీలు, ఇలాంటి ప్రాజెక్టుల కోడ్ ఉంచే సైటు గిట్‌హబ్‌లో ఉంది. అలా పెట్టుకున్న మనిషి పాత కమిట్లు తవ్వి అసలు చిరునామా పట్టుకోవడం ఇంకా పెద్ద తప్పు. గిట్‌హబ్ నిబంధనలు పరిశోధకులకు చోటిచ్చిన మాట నిజమే. అయితే అది వ్యక్తిగతం కాని బహిరంగ సమాచారానికి, అదీ దాంతో వచ్చే పేపరు ఓపెన్ యాక్సెస్ (ఎవరైనా ఉచితంగా చదవగలిగేది) అయితేనే. మనవాళ్లు "చోటిచ్చింది" దాకా చదివి ఆపేస్తారు.

అపోహ: పరిశోధనల మంచిచెడ్డలు చూసే ఎథిక్స్ కమిటీ సరే అంటే ఇంకేం కావాలి?

వాస్తవం: 2020లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయ పరిశోధకులు లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి కెర్నెల్‌కి కావాలనే లోపాలున్న ప్యాచ్‌లు (కోడ్ మార్పులు) పంపి, వాటిని చూసి చేర్చుకునే మెయింటైనర్లు పట్టుకుంటారా లేదా అని చూశారు. అక్కడి కమిటీ ఇది మనుషుల మీద పరిశోధన కిందికి రాదని తేల్చింది. అసలు మొదట్లో కమిటీని అడగనే లేదు. సంగతి ముదిరి 2021 ఏప్రిల్‌లో కెర్నెల్ ముఖ్య మెయింటైనర్లలో ఒకరైన గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ ఆ విశ్వవిద్యాలయం నుంచి వచ్చే ప్యాచ్‌లు ఇక తీసుకోం అన్నారు. పాతవి 190 దాకా వెనక్కి తీయడానికి సిద్ధమయ్యారు. వాటిలో చాలామటుకు సరైనవేనని తర్వాత తేలింది. కానీ అది తేల్చడానికి ఎంతోమంది డెవలపర్లు కూర్చుని ఒక్కొక్కటీ మళ్లీ చదవాల్సి వచ్చింది. ఈ ప్రయోగం మీద రాసిన పేపరును రచయితలే ఉపసంహరించుకున్నారు.

"వాళ్లు మోసం చేశారు సార్, మేం ప్రశ్నలే అడుగుతాం" అంటారు విద్యార్థులు. 2021 చివర్లో అమెరికాలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ బృందం కూడా ప్రశ్నలే అడిగింది. వెబ్‌సైట్లు నడిపేవాళ్లకు, మామూలు వినియోగదారుల్లా కల్పిత పేర్లతో, మీరు ప్రైవసీ చట్టం ఎలా పాటిస్తున్నారు, 45 రోజుల్లోగా చెప్పండి అని మెయిళ్లు పంపింది. చిన్న చిన్న సైట్ల వాళ్లు ఇదేదో కోర్టు వ్యవహారమని టెన్షన్ పడిపోయారు. చివరికి పరిశోధకులు క్షమాపణ చెప్పి అధ్యయనం ఆపేశారు. ఇక్కడా కమిటీ చెప్పింది అదే మాట: మనుషుల మీద పరిశోధన కాదని.

కెర్నెల్ డాక్యుమెంటేషన్‌లో ఇప్పుడు పరిశోధకుల కోసం ఒక పేజీ ఉంది. బహిరంగంగా ఉన్న కోడ్, మెయిలింగ్ లిస్టులు చదువుకోండి, డెవలపర్ల ప్రవర్తన మీద ప్రయోగం చేయాలంటే మాత్రం వాళ్లకు అంతా చెప్పి ఒప్పించుకోండి అన్నది దాని సారం. మా విద్యార్థులతో ముందు అది చదివిస్తాను.

అపోహ: పది నిమిషాల సర్వేకి ఇంత ఆలోచనా?

వాస్తవం: పేరున్న ప్రాజెక్టు మెయింటైనర్‌కి మీలాంటి పది నిమిషాలవాళ్లు ఎంతమందో! రిపాజిటరీలో (ప్రాజెక్టు కోడ్, దాని చరిత్ర ఉండేచోట) దొరికేది మనిషిని అడక్కండి. ఎన్ని కమిట్లు చేశారు, ఏ లాంగ్వేజీలో రాస్తారు అన్న ప్రశ్నలు కొట్టేస్తే విద్యార్థుల సర్వేలు చాలావరకు సగానికి దిగుతాయి. లినక్స్ ఫౌండేషన్, హార్వర్డ్ కలిసి చేసిన 2020 సర్వే, ఓపెన్ సోర్స్ పనికిచ్చే సమయంలో ఎంత భద్రత మీద పెడుతున్నారని కాంట్రిబ్యూటర్లను అడిగింది. సగటున 2.27 శాతం అని వచ్చింది. ఏ గిట్ లాగూ చెప్పలేని సంగతి ఇది. మనిషిని ఆపి అడగాల్సింది ఇలాంటివే. వయసు, లింగం, దేశం లాంటి ప్రశ్నలకు తప్పనిసరి గుర్తు తీసేయండి.

ముందు ప్రాజెక్టువాళ్లకు రాయండి. ఫలానా ప్రశ్నలు, ఫలానా కాలేజీ, డబ్బిచ్చేది ఫలానావాళ్లు, మీరు సరేనంటే మీ చర్చావేదికలో లింకు పెడతాం, ఒక్కసారే గుర్తుచేస్తాం. అంతే. "ప్రతిష్ఠాత్మక పరిశోధనలో భాగంగా" అని మొదలుపెడితే అక్కడే మూసేస్తారు. వద్దంటే వద్దే.

అపోహ: పేరు తీసేస్తే ఎవరన్నదీ తెలియదు.

వాస్తవం: ఏదైనా సాఫ్ట్‌వేర్‌ను తెలుగులోకి తెచ్చే జట్టును తీసుకోండి. చాలాసార్లు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత మందే ఉంటారు. "15 ఏళ్ల అనుభవమున్న తెలుగు అనువాదకురాలు" అని పేపర్లో రాస్తే జట్టులో అందరికీ ఎవరో తెలిసిపోతుంది. చర్చల్లోంచి ఒక వాక్యాన్ని ఉన్నదున్నట్టు ఎత్తి రాసినా అంతే, సెర్చ్‌లో కొడితే మనిషి దొరుకుతాడు. నేను మాట మార్చి రాస్తాను, లేదా వాళ్లనే అడుగుతాను.

అపోహ: పేపరు అచ్చయ్యాక లింకు పంపితే రుణం తీరినట్టే.

వాస్తవం: నేను సమర్పించే ముందే రెండు పేజీల ఫలితాలు ప్రాజెక్టుకి పంపి ఒక వారం ఆగుతాను. మర్యాద కోసమే మొదలుపెట్టిన అలవాటు. ఒకసారి ఆ వారంలోనే ఒక మెయింటైనర్ నా మూడో పట్టిక చూసి మెయిల్ చేసింది: మీరు అందరికంటే చురుకైన కాంట్రిబ్యూటర్ అని రాసింది మనిషి గురించి కాదు, మా బాట్ ప్రోగ్రాం గురించి.