టీనేజ్ పిల్లల చేతికి ఏ నవల ఇవ్వాలి: అమెరికాలో అరవై ఏళ్ల వాదన

2023-24 విద్యా సంవత్సరంలో అమెరికా బడుల్లో పుస్తకాలను నిషేధించిన సందర్భాలు 10,046 అని పెన్ అమెరికా అనే రచయితల సంస్థ లెక్క తేల్చింది. అంతకు ముందు ఏడాది ఆ సంఖ్య 3,362. ఈ జాబితాల్లో ఎక్కువగా కనిపించేవి టీనేజ్ పిల్లల కోసం రాసిన నవలలే. అత్యాచారం, ఆత్మహత్య, జాతి వివక్ష, డ్రగ్స్, స్వలింగ ప్రేమ లాంటి విషయాలు వాటిలో ఉన్నాయన్నది అభ్యంతరం. టెక్సస్ లాంటి రాష్ట్రాల్లో పిల్లల్ని హైస్కూలుకు పంపుతున్న తెలుగువాళ్లకూ ఈ గొడవ దగ్గరిదే. పిల్లలకు ఇంత బరువైన సంగతులు చెప్పాలని అసలు ఎవరికి తోచింది? ఈ కథ వెనక్కి వెళ్లి చూస్తే ఆ ఆలోచన పెద్దల దగ్గర పుట్టింది కాదని తెలుస్తుంది.

పెద్దల్లో ముందుగా కదిలింది లైబ్రేరియన్లు. 1930ల్లోనే బాల్టిమోర్‌లోని ఈనాక్ ప్రాట్ లైబ్రరీలో మార్గరెట్ ఎడ్వర్డ్స్ ఈ వయసువాళ్ల కోసం ప్రత్యేకంగా పనిచేయడం మొదలుపెట్టారు. తర్వాత గుర్రపు బండిలో పుస్తకాలు వేసుకుని నగరంలోని పేటల్లో తిరిగారు. 1957లో అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ టీనేజర్ల సేవల కోసమే ఒక విభాగం పెట్టింది. అరలు సిద్ధమయ్యాయి. వాటిలో పెట్టడానికి ఉన్నవి మాత్రం ఎక్కువగా స్కూలు డాన్సులు, ఆటల పోటీలు, అమాయకపు తొలి ప్రేమల కథలు.

ఆ లోటు తీర్చింది ఓక్లహోమా రాష్ట్రం టల్సాలో చదువుకుంటున్న ఒక అమ్మాయి. పేరు ఎస్.ఇ. హింటన్. ఆమె స్కూల్లో డబ్బున్న పిల్లల గుంపు ఒకటి, లేనివాళ్ల గుంపు ఒకటి. రెండు గుంపుల మధ్య కొట్లాటలు. ఇవేవీ పుస్తకాల్లో కనిపించడం లేదని 15 ఏళ్ల వయసులో తానే రాయడం మొదలుపెట్టింది. ‘ది ఔట్‌సైడర్స్’ 1967లో అచ్చయ్యేసరికి ఆమెకు 18. అబ్బాయిల ముఠాల కథ ఆడపిల్ల రాసిందంటే విమర్శకులు తీసిపారేస్తారేమోనని పేరును పొడి అక్షరాల్లో వేశారు. అదే ఏడాది న్యూయార్క్ టైమ్స్‌లో ఆమె ఒక వ్యాసం రాసి, టీనేజర్ల కోసం వస్తున్న పుస్తకాలకు వాళ్లు బతుకుతున్న బతుకుతో సంబంధం లేదని నిలదీసింది.

ఆ నవల కథ చెప్పేది తల్లిదండ్రులు పోయిన 14 ఏళ్ల కుర్రాడు. ఈ కుర్రాడిని కాపాడబోయి అతని స్నేహితుడు హత్య చేస్తాడు. ఎవరిది తప్పు అని హింటన్ తీర్పు చెప్పలేదు. డబ్బున్న గుంపులోని అమ్మాయి ఒకరోజు ఈ కుర్రాడితో మాట్లాడుతూ, కష్టాలు తమవైపు కూడా ఉన్నాయంటుంది. కుర్రాడు దాన్ని పూర్తిగా నమ్మలేడు, కొట్టిపారేయనూ లేడు. ఆ సందిగ్ధాన్ని అలాగే ఉంచేయడం ఈ నవలల చరిత్రలో పెద్ద మలుపని నాకనిపిస్తుంది. పుస్తకం మొదట్లో షాపుల్లో పెద్దగా పోలేదు. దాన్ని పట్టుకున్నది స్కూలు టీచర్లు. మామూలుగా పుస్తకం ముట్టని పిల్లలు దీన్ని చివరిదాకా చదవడం వాళ్లు చూశారు.

1970ల్లో దారి రెండుగా చీలింది. ఒకటి, భయపెట్టి బాగుచేసే దారి. 1971లో వచ్చిన ‘గో ఆస్క్ ఆలిస్’ను డ్రగ్స్‌కు బలైన ఒక అమ్మాయి నిజమైన డైరీ అని చెప్పి అమ్మారు. దాని వెనక ఉన్నది బియాట్రిస్ స్పార్క్స్ అనే పెద్దావిడ అని తర్వాత బయటపడింది. రెండోది రాబర్ట్ కోర్మియర్ దారి. ఆయన కొడుకు స్కూలు కోసం చాక్లెట్లు అమ్మనని ఇంటికి తిరిగొచ్చాడు. నిజానికి ఆ అబ్బాయికి ఏమీ కాలేదు. ఏమైనా అయి ఉంటే అన్న ఊహలోంచి 1974లో ‘ది చాక్లెట్ వార్’ పుట్టింది. అందులో ఎదురు తిరిగిన కుర్రాడు ఓడిపోతాడు, చావుదెబ్బలు తింటాడు. ముగింపు మార్చమని ప్రచురణకర్తలు అడిగితే కోర్మియర్ ఒప్పుకోలేదు. ఇలాంటి ముగింపు పిల్లలకు నిరాశ నేర్పుతుందని అప్పుడూ అన్నారు, ఇప్పుడూ అంటున్నారు. అన్యాయం గెలవడం పిల్లలు బడిలో రోజూ చూస్తూనే ఉంటారు. పుస్తకం కూడా అబద్ధం చెబితే ఇక ఎవరిని నమ్మాలి?

1999లో రెండు ముఖ్యమైన నవలలు వచ్చాయి. లారీ హాల్స్ ఆండర్సన్ రాసిన ‘స్పీక్’లో మెలిండా అనే అమ్మాయి పార్టీలో తనపై జరిగిన అత్యాచారాన్ని ఎవరికీ చెప్పలేక దాదాపు మాటే మానేస్తుంది. పోలీసులకు ఫోన్ చేసి పార్టీ పాడుచేసిందని స్కూలంతా ఆమెను వెలివేస్తుంది. ఈ నవల చదివి తమకు జరిగింది చెప్పుకుంటూ పిల్లలు రచయిత్రికి ఉత్తరాలు రాశారు. తనకు 13 ఏళ్లప్పుడు అలాంటిదే జరిగిందని ఆండర్సన్ 2019లో వచ్చిన తన జ్ఞాపకాల పుస్తకంలో వివరంగా రాసుకున్నారు. ‘నాకు ఇలా జరిగింది’ అని నోరు తెరవలేని పిల్ల ‘మెలిండా ఎందుకు చెప్పలేకపోయిందో నాకు తెలుసు’ అని అనగలదు. ఈ నవలలు చేసే మేలులో ఇదే అన్నిటికన్నా పెద్దదని నా నమ్మకం.

రెండోది వాల్టర్ డీన్ మైయర్స్ రాసిన ‘మాన్‌స్టర్’. హత్య కేసులో బోనెక్కిన 16 ఏళ్ల నల్లజాతి కుర్రాడు తన కథను సినిమా స్క్రిప్టులా రాసుకుంటాడు. అతను దోషా కాదా అన్నది చదివినవాళ్లే తేల్చుకోవాలి. టీనేజ్ సాహిత్యానికి పెట్టిన ప్రింట్జ్ అవార్డు 2000లో మొదటిసారి దీనికే దక్కింది. 2013లో అమెరికాలో వచ్చిన 3,200 పిల్లల పుస్తకాల్లో నల్లజాతివాళ్ల గురించినవి 93 మాత్రమేనన్న లెక్కతో 2014 మార్చిలో న్యూయార్క్ టైమ్స్‌లో మైయర్స్ వ్యాసం వచ్చింది. ఆ జులైలో ఆయన చనిపోయారు. ఆయన పేరుతో రచయితలకు పెట్టిన ఆర్థిక సాయం మొదటిసారి అందుకున్నవాళ్లలో మిసిసిపీకి చెందిన ఆంజీ థామస్ ఉన్నారు. 2009 కొత్త సంవత్సరం రోజున ఓక్లండ్ రైల్వే స్టేషన్లో ఆస్కార్ గ్రాంట్ అనే యువకుడిని పోలీసు కాల్చి చంపిన ఘటన ఆమెను కదిలించింది. కాలేజీలో రాసుకున్న కథ 2017లో ‘ద హేట్ యు గివ్’ నవలగా వచ్చింది. మరుసటి ఏడాది సౌత్ కెరొలినాలో ఒక హైస్కూలు దాన్ని వేసవి పఠనానికి ఇస్తే స్థానిక పోలీసు సంఘం అభ్యంతరం చెప్పింది.

చదివితే నిజంగా ఏం జరుగుతుంది? గే ఐవీ, పీటర్ జాన్‌స్టన్ అనే పరిశోధకులు 2013లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఎనిమిదో తరగతి పిల్లలకు నిర్ణీత పాఠ్య పుస్తకం బదులు టీనేజ్ నవలల్లో నచ్చినవి ఎంచుకోమన్నారు. పిల్లలు వాటి గురించి స్నేహితులతో, ఇంట్లోవాళ్లతో మాట్లాడటం మొదలుపెట్టారు. ఎదుటివాళ్ల కోణం అర్థమవుతోందని, తమ నిర్ణయాల గురించి ముందే ఆలోచిస్తున్నామని వాళ్లే చెప్పారు. ఇందులో ఎవరూ నీతి బోధించలేదు, ప్రశ్నాపత్రం ఇవ్వలేదు.

తల్లిదండ్రుల భయాన్ని మాత్రం నేను తేలిగ్గా తీసుకోను. 2007 నాటి ‘థర్టీన్ రీజన్స్ వై’ ఒక విద్యార్థిని ఆత్మహత్య చుట్టూ నడుస్తుంది. 2017లో దాన్ని వెబ్ సిరీస్‌గా తీసినప్పుడు ఆ దృశ్యాన్ని చూపించిన తీరుపై మానసిక వైద్య నిపుణులు గట్టిగా హెచ్చరించారు. 2019లో నెట్‌ఫ్లిక్స్ ఆ దృశ్యాన్ని తొలగించింది. విషయం కష్టమైనదైనంత మాత్రాన పుస్తకం మంచిదైపోదు. ఎలా చెప్పారు, చదివాక మాట్లాడే పెద్దవాళ్లు పక్కన ఉన్నారా అన్నవి ముఖ్యం. లైబ్రరీలోంచి పుస్తకం తీసేస్తే ఆ మాట్లాడే అవకాశమే పోతుంది.

తెలుగులో పిల్లల కోసం 1947 నుంచి దశాబ్దాల పాటు చందమామ వచ్చింది, ఆ కథల మీద తరాలు పెరిగాయి. 2008లో హైదరాబాద్‌లోని అన్వేషి సంస్థ గోగు శ్యామల, జూపాక సుభద్ర, మహమ్మద్ ఖదీర్‌బాబు లాంటివాళ్ల కథలతో, పాఠ్యపుస్తకాల్లో కనిపించని పిల్లల జీవితాలను పుస్తకాలుగా తెచ్చింది. ఎంతో విలువైన పని అది. కానీ చందమామ వయసు దాటిన పిల్లలు పెద్దల నవలల్లోకి దూకేదాకా మధ్యలో చదువుకునేది చాలా తక్కువ. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చిన కొద్ది రోజుల్లో 20 మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారని వార్తలొచ్చాయి. పొద్దున లేచింది మొదలు స్టడీ అవర్స్, వీకెండ్ టెస్టు, ర్యాంకు టెన్షన్‌తో గడిపే ఆ వయసు పిల్లలకు తమలాంటి మరో మనిషి కథ చేతికందడం లేదు. పదో తరగతి ఉపవాచకంలో ‘ఫలానా పాత్ర స్వభావం రాయండి’ అని అడుగుతాం, గైడులో జవాబు ఉంటుంది, పిల్లలు బట్టీ పడతారు. వారానికి ఒక్క పీరియడ్ మార్కుల లెక్క లేకుండా ఒక నవల చదివించి, ఆ పాత్ర చేసింది తప్పో ఒప్పో పిల్లల్నే వాదించుకోనివ్వడానికి తెలుగు టీచర్లకు ఏ కొత్త సిలబస్సూ అక్కర్లేదు.