కాళ్ళలో ఉబ్బిన నరాలు: అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో కాలి రక్తనాళాలకు వైద్యం చేసే సర్జన్‌ని. నా దగ్గరికి వచ్చేవారిలో చాలామంది అప్పటికే ఇద్దరు ముగ్గురు డాక్టర్లను చూసి ఉంటారు. సంచిలోంచి ఒక్కొక్క చీటీ తీసి బల్లమీద పరుస్తారు. అన్నింట్లోనూ బలం మాత్రలే.

అపోహ: ఇది నరాల బలహీనత.

ఇందులో రోగి తప్పు లేదు, మన మాటలోనే చిక్కు ఉంది. తిమ్మిరెక్కేదీ నరమే, సెలైన్ సూది గుచ్చేదీ నరానికే అంటాం. స్పర్శను మోసేది వేరు, రక్తాన్ని మోసేది వేరు. కాలిమీద వానపాముల్లా మెలికలు తిరిగి కనబడేవి సిరలు, అంటే చెడు రక్తాన్ని గుండెకు చేర్చే నాళాలు. బీ12 మాత్రలు ఎన్ని మింగినా వాటికి ఒరిగేదేమీ లేదు.

పాదంలోని రక్తం గుండె దాకా ఎదురెక్కాలి. పిక్క కండరం బిగిసినప్పుడల్లా దాన్ని పైకి నెడుతుంది. మళ్ళీ కిందికి జారకుండా సిరల్లో కవాటాలు ఉంటాయి. వైకుంఠం క్యూ కాంప్లెక్సులో ఒక గేటు తెరిచి జనాన్ని ముందు గదిలోకి వదిలి, వెనక గేటు మూసేస్తారు కదా, అదే పద్ధతి. ఆ గేటు విరిగిందనుకోండి, ముందుకు వెళ్ళినవారు వెనక్కి వచ్చిపడతారు, కింది గది కిక్కిరిసిపోతుంది. సిర ఉబ్బేదీ అలాగే. చాలామందిలో మొదట పాడయ్యేది గజ్జ నుంచి చీలమండ దాకా సాగే పెద్ద సిర. రక్తం ఎటు పారుతోందో చూపే డాప్లర్ స్కానులో అరసెకనుకు మించి రక్తం వెనక్కి వస్తుంటే కవాటం చెడినట్టే. ఆ స్కాను మనిషిని నిలబెట్టి చేయాలి. పడుకోబెట్టి తీసిన రిపోర్టు తెస్తే నేను మళ్ళీ పంపిస్తాను, విసుక్కున్నా సరే.

అపోహ: నిలబడి పనిచేసేవారికే వస్తుంది.

దోసెల మాస్టర్లు, ట్రాఫిక్ కానిస్టేబుళ్ళు, చిత్తూరు మామిడి గుజ్జు ఫ్యాక్టరీల్లో సీజను పొడుగునా నిలబడే ఆడవాళ్ళు నా దగ్గరికి ఎక్కువగా వస్తారు, నిజమే. కానీ అడిగి చూస్తే చాలామంది, ‘మా అమ్మకూ ఇలాగే ఉండేవి సార్’ అంటారు. వంశంలో ఉన్న బలహీనతను నిలబడే పని ముదరబెడుతుంది. గర్భిణుల్లో కనిపించేవి కాన్పు తర్వాత కొన్ని నెలల్లో చాలావరకు తగ్గుతాయి కాబట్టి వారికి తొందరపడి ఏమీ చేయము.

అపోహ: నొప్పి లేదు కదా, చూడటానికి బాగాలేదంతే.

నేను ఎక్కువగా పోట్లాడేది దీనితోనే. పన్నెండేళ్ళుగా పెనం ముందు నిలబడిన ఒక దోసెల మాస్టరు చీలమండ లోపలివైపు పుండుతో వచ్చారు. చుట్టూ చర్మం నల్లబడి, చెక్కలా గట్టిపడింది. రెండేళ్ళుగా పూతమందులు రాస్తూనే ఉన్నారు. ఇంట్లోవారు షుగరు పుండనుకున్నారు. షుగరు పుండు ఎక్కువగా అరికాలిలోనో వేళ్ళ దగ్గరో పడుతుంది. చీలమండ పైన పడి, నెలల తరబడి మానకుండా నీరు కారేది సాధారణంగా సిరల పుండు. పైన గేటు విరిగి ఉండగా కింద ఎంత మందు పూసినా ఆ ఒత్తిడి తగ్గదు. పొరలుగా కట్టే బిగుతు పట్టీ కావాలి, చెడిన సిరను మూయాలి. 2018లో వెలువడిన ఒక బ్రిటిష్ అధ్యయనంలో 450 మంది పుండు రోగులను పరిశీలించారు. పట్టీతో పాటు వెంటనే సిరను మూసినవారిలో సగం మందికి 56 రోజుల్లో పుండు మానింది. మూయడం వాయిదా వేసినవారిలో సగం మందికి మానడానికి 82 రోజులు పట్టింది.

అపోహ: సిరను మూసేస్తే రక్తం ఎటు పోతుంది?

కాలి రక్తంలో ఎక్కువ భాగాన్ని మోసేవి లోపలి పెద్ద సిరలు, ఈ పైసిర కాదు. గుండె బైపాస్‌కు సర్జన్లు కాలి నుంచి తీసుకునేది తరచుగా దీన్నే. అది లేకుండానే వారంతా నడుస్తున్నారు. లేజరుతో గానీ, రేడియో తరంగాల వేడితో గానీ లోపలినుంచి మూస్తాము, చిన్న వాటికి నురుగు ఇంజక్షను సరిపోతుంది. మత్తు కాలికి మాత్రమే. సాధారణంగా అదే రోజు నడిచి ఇంటికి వెళ్తారు. ‘ఇక జన్మలో రాదు’ అని మాత్రం నేను చెప్పను. కొన్నేళ్ళకు మరో సిర చెడవచ్చు.

అపోహ: బిగుతు మేజోళ్ళతో నయమవుతుంది.

వేసుకున్నంతసేపు వాపు, బరువు తగ్గుతాయి, కవాటం బాగుపడదు. పొద్దున మంచం దిగకముందే తొడగాలి, రాత్రి తీసేయాలి. మే నెల తిరుపతి ఎండలో రోజంతా వేసుకోమని నేను చెప్పినా ఎవరూ వినరని తెలుసు. కనీసం నిలబడే గంటల్లోనైనా వేసుకోండి. పొగతాగేవారు, కొద్దిదూరం నడిస్తేనే పిక్క పట్టేసేవారు పరీక్ష చేయించుకోకుండా కొనవద్దు. వారికి ధమనుల్లో, అంటే గుండె నుంచి కాలికి రక్తం తెచ్చే నాళాల్లో అడ్డు ఉంటే ఈ బిగుతే ప్రమాదం.

అపోహ: కొండ నడిచి ఎక్కకూడదు.

‘మొక్కుంది సార్, ఎక్కవచ్చా?’ అని వారానికి ఒకరైనా అడుగుతారు. అలిపిరి దారిలో 3,550 మెట్లు. ప్రతి మెట్టుకూ పిక్క రక్తాన్ని పైకి నెడుతుంది కాబట్టి మీ సిరలకు ఆ నడక మేలే. గుండె, మోకాళ్ళ సంగతి వేరు, అవి విడిగా చూపించుకోండి. కాలికి చెడుపు చేసేది ఎక్కడం కాదు, ఆ తర్వాత క్యూలో కదలకుండా నిలబడటం. అక్కడ మునివేళ్ళమీద లేచి దిగుతూ ఉండండి, చోటు దొరికితే కూర్చుని కాళ్ళు చాపండి. తెరిచిన పుండు ఉంటే ఉత్త కాళ్ళతో ఎక్కవద్దు. ఒక కాలు ఉన్నట్టుండి వాచి నొప్పి పుడితే మొక్కు వాయిదా వేసి ఆ రోజే ఆసుపత్రికి రండి, అది లోపలి సిరలో రక్తం గడ్డకట్టడం కావచ్చు.

ఒక్కోసారి ఉబ్బిన సిర చిట్లి రక్తం ధారగా కారుతుంది. కుర్చీలో కూర్చోబెట్టి తొడకు తాడు కట్టి తీసుకువస్తుంటారు. అలా చేయవద్దు. వెంటనే పడుకోబెట్టి, కాలిని గుండెకన్నా ఎత్తుకు లేపి, శుభ్రమైన గుడ్డతో చిట్లిన చోట గట్టిగా అదిమి పట్టండి. మధ్యమధ్య తీసి చూడకుండా పది నిమిషాలు పట్టుకుంటే సాధారణంగా ఆగుతుంది. ఆగినా ఆగకపోయినా, కాలు ఎత్తి ఉంచే ఆసుపత్రికి తీసుకురండి.