పండుగప్ప లెక్కలో ఆడ చేప ఎక్కడ?

యానాం చేపల సంతలోకి పది, పన్నెండు కేజీల పండుగప్ప వచ్చిందంటే జనం మూగుతారు. మొన్న నేను చూసింది దాదాపు మీటరు పొడవుంది. కత్తిపీట మీద పొట్ట చీల్చగానే పసుపురంగు జన (గుడ్ల) తిత్తులు రెండు బయటపడ్డాయి. "పెద్దయ్యాయంటే అన్నీ ఆడవేనండి" అంది కోసే ఆవిడ.

ఆవిడ మాట దాదాపు నిజం. పండుగప్ప ముందు మగచేపగా ఎదుగుతుంది. ఆరేడేళ్లు నిండి, 80 సెంటీమీటర్లు దాటేసరికి చాలావరకు ఆడవిగా మారిపోతాయి. ఏరు సముద్రంలో కలిసే మొగల దగ్గర ఉప్పునీటిలో గుడ్లు పెడతాయి. పిల్లలు మడ అడవుల్లోకి, కాలువల్లోకి, తియ్యనీటిలోకి ఎగబాకుతాయి. బాగా పెద్ద తల్లి ఒక్కటే కోట్లలో గుడ్లు పెట్టగలదు.

పండుగప్పను ఇంగ్లీషులో సీబాస్ అంటారు. ఏ దేశం ఎంత సీబాస్ పట్టిందో చెప్పే వేట లెక్కల్లో ఇదేమీ కనిపించదు, ఉండేవి టన్నులే. పైగా 'సీబాస్' అన్న పేరే పెద్ద గందరగోళం. మన పండుగప్పే బెంగాల్లో భేట్కీ, ఆస్ట్రేలియాలో బారముండి. యూరప్ సీబాస్ వేరే జాతి. పెద్ద హోటళ్ల 'చిలీ సీబాస్' అయితే అసలు సీబాసే కాదు. దక్షిణ సముద్రాల టూత్‌ఫిష్‌కి 1977లో ఒక అమెరికా వ్యాపారి తగిలించిన పేరది!

యూరప్ ఉత్తర భాగంలో 2010 తర్వాత అక్కడి సీబాస్ తల్లి చేపలు బాగా తగ్గాయి. వేట పెరిగింది, కొత్త తరం పిల్లలూ సరిగా అందిరాలేదు. 2015లో యూరోపియన్ యూనియన్ గుడ్లు పెట్టే కాలంలో జంట బోట్లతో వల లాగడం ఆపించింది, పట్టదగిన కనీస పొడవును 36 నుంచి 42 సెంటీమీటర్లకు పెంచింది. అందుకే ఆ తర్వాత ఫ్రాన్స్, బ్రిటన్ల వేట తగ్గిందంటే అది చేపలు లేకనా, నిబంధన వల్లనా అన్నది టన్నుల లెక్క గీత (గ్రాఫు) చెప్పదు. అక్కడి ప్లేట్లలోకి వచ్చేది ఇప్పుడు ఎక్కువగా టర్కీ, గ్రీసుల్లో పంజరాల్లో పెంచిన చేపే.

నాకు నచ్చింది ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ పద్ధతి. 58 సెంటీమీటర్లలోపు బారముండినీ వదిలేయాలి, 120 దాటినదాన్నీ వదిలేయాలి. చిన్నవాటిని వదలమనడం అందరికీ తెలుసు, పెద్ద తల్లులను కూడా వదలమనడం మాత్రం అరుదు. అక్కడి ఫిట్జ్‌రాయ్ నదిలో ఇంకోటి తేలింది. వరద బాగా వచ్చిన సంవత్సరం పుట్టిన పిల్లలు ఎక్కువగా బతుకుతాయి, కొన్నేళ్లకు అవే వలల్లో పడతాయి. అంటే ఈ సంవత్సరపు వేట ఎప్పటిదో వరద ఫలం.

గోదావరిలోనూ అంతే అయితే, 2022 జులై వరదప్పుడు పాయల్లోకి ఎక్కిన పిల్లలు 2028 దాకా ఎక్కువగా మగవే. వలకి చిక్కకుండా ధవళేశ్వరం ఆనకట్టకీ మొగకీ మధ్య మిగిలినవే తల్లులవుతాయి.