గ్యాస్ మాత్ర వేసుకున్నా పొట్ట ఉబ్బరం ఎందుకు తగ్గదు?

కడుపులో ఏ తేడా వచ్చినా మనం గ్యాస్ అనేస్తాం. ఛాతీలో మండినా గ్యాసే, పుల్లటి తేన్పులు వచ్చినా గ్యాసే, తిన్న గంటకి పొట్ట డప్పులా బిగుసుకున్నా గ్యాసే. మందుల షాపులో గ్యాస్ మాత్ర అడిగితే ఎక్కువగా ఇచ్చేది పాంటాప్రజోల్, ఒమెప్రజోల్ లాంటివి. మా పెద్దమ్మ ఉబ్బరం కోసం నాలుగేళ్లు రోజూ పరగడుపున అదే వేసుకుంది. ఉబ్బరం మాత్రం అలాగే ఉంది.

ఆ మాత్ర చేసే పని వేరు. జీర్ణాశయం గోడల్లో యాసిడ్‌ని బయటికి తోసే పంపులుంటాయి, వాటిని ఆపుతుంది. అందుకే గొంతులోకి ఎగదన్నే మంట తగ్గుతుంది, అల్సర్ మానుతుంది, ఆ జబ్బులకి అది నిజంగా గొప్ప మందు. కానీ ఉబ్బరానికి కారణమయ్యే గాలి చాలావరకు యాసిడ్ నుంచి రాదు. కొంత మనం గబగబా తింటూ, సోడా తాగుతూ మింగేది. మిగతాది పెద్దపేగులో బ్యాక్టీరియా తయారుచేసేది. శనగలు, రాజ్మా, అలసందల్లో రాఫినోజ్, స్టాకియోజ్ అనే చక్కెరలుంటాయి, వాటిని విడగొట్టే ఎంజైమ్ మన పేగుల్లో లేదు కాబట్టి అవి అరగకుండానే పెద్దపేగు దాకా వెళ్తాయి, అక్కడి సూక్ష్మజీవులు వాటిని పులియబెట్టి హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్, కొందరిలో మీథేన్ కూడా వదులుతాయి. ఉల్లి, వెల్లుల్లి, గోధుమల్లోని ఫ్రక్టాన్లు అనే పిండిపదార్థాలదీ అదే దారి. పాలలోని లాక్టోజ్ అనే చక్కెర కూడా అంతే, పెద్దయ్యాక దాన్ని అరిగించే శక్తి తగ్గిపోవడం మన దక్షిణాదిలో చాలామందికి మామూలే. పెరుగులో అయితే తోడు బ్యాక్టీరియా కొంత లాక్టోజ్‌ని ముందే తినేసి ఉంటుంది, అందుకే గ్లాసు పాలు పడనివాళ్లు కూడా పెరుగన్నం హాయిగా తినగలరు.

ఇంకో సంగతి, ఉబ్బరం ఉన్నవాళ్లందరిలో గాలి ఎక్కువగా ఉండదు. ఐబీఎస్ (పేగులో పైకి జబ్బేమీ కనిపించకుండానే తరచూ కడుపునొప్పి, విరేచనాల్లో తేడా వచ్చే సమస్య) ఉన్న చాలామందిలో అందరికీ ఉన్నంతే ఉంటుంది, పేగు నరాలే దాన్ని ఎక్కువ చేసి చూపిస్తాయి. మలబద్ధకం ఉంటే ఆ ఇబ్బంది ఇంకా పెరుగుతుంది.

మరి మాత్రతో ఎవరికీ ఉబ్బరం తగ్గదా అంటే, తగ్గుతుంది, పైకడుపులో మంటా బరువూ కలిసి ఉన్నవాళ్లలో కొందరికి. నాలుగు నుంచి ఎనిమిది వారాలు వాడి చూసినా తేడా లేకపోతే ఏళ్ల తరబడి కొనసాగించడంలో అర్థం లేదు. పైగా మింగిన బ్యాక్టీరియాని చంపేది ఆ యాసిడే, అది తగ్గితే చిన్నపేగులో బ్యాక్టీరియా పెరిగి కొందరికి ఉబ్బరం ఎక్కువయ్యే అవకాశం కూడా ఉంది.

ఆపబోతే మంట మొదలవుతుంది, అందుకని మళ్లీ వేసుకుంటారు. 2009లో డెన్మార్క్‌లో ఏ జబ్బూ లేని 120 మందిపై ఒక అధ్యయనం చేశారు. ఎనిమిది వారాలు ఈ రకం మందు వాడి ఆపేసినవాళ్లలో 44 శాతం మందికి యాసిడ్ లక్షణాలు కనిపించాయి, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 15 శాతం మందికే. అంటే ఆపాక వచ్చే మంట కొన్నిసార్లు మందు వదిలేసినందుకే వస్తుంది, కొద్ది వారాల్లో సర్దుకుంటుంది. అలాగని ఒక్కసారిగా మానేయకండి, ముఖ్యంగా ఆస్పిరిన్‌తోనో నొప్పి మాత్రలతోనో పాటు డాక్టర్ రాసిచ్చి ఉంటే.

ఛాతీలో బరువుగా ఉండి చెయ్యో దవడో లాగుతూ చెమటలు పడుతుంటే దయచేసి గ్యాస్ అనుకుని ఇంట్లో కూర్చోవద్దు. బరువు తగ్గుతున్నా, మలంలో రక్తం కనిపించినా చూపించుకోవాలి. యాభై దాటిన ఆడవాళ్లకి ఉబ్బరం కొత్తగా మొదలై వారాల తరబడి తగ్గకపోతే అండాశయాలకి స్కాన్ చేయించాలి, అక్కడి క్యాన్సర్ తొలిరోజుల్లో ఇలాగే కనిపించవచ్చు. పెద్దమ్మకీ ముందు అదే చేయించాం, ఏమీ లేదని తేలింది. ఆ తర్వాత రెండు వారాలు ఏం తిన్నదీ రాసుకుంటే రాత్రి తాగే పాల దగ్గర దొరికింది. ఇప్పుడు మజ్జిగ తాగుతోంది, శనగలు నానబెట్టిన నీళ్లు పారబోసి వండుతోంది, మాత్ర డాక్టర్ చెప్పినట్టు రోజు విడిచి రోజు వేసుకుంటోంది.