తోడే నూతికే ఊట

చిట్టీ, బాబీ, మీ ఇద్దరికీ ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో చిట్టి ఒక మాట అడిగింది. "తాతయ్యా, ఎవరికి వాళ్లు సొంతంగా ఒక ఫిట్‌నెస్ ప్రోగ్రామ్ రాసుకుని, బడి తెరిచేనాటికి తీసుకురమ్మన్నారు మా పీఈటీ సార్. నాకు జబ్బేం లేదు, లావుగానూ లేను. మరి నాకెందుకది?" అని. అప్పటికి "మంచిదే కదమ్మా, చెయ్యి" అనేసి ఫోన్ మామ్మకి ఇచ్చేశాను. తర్వాత మనసు ఒప్పుకోలేదు. పిల్ల అడిగినదానికి అది జవాబు కాదు. అందుకే ఈ ఉత్తరం. బాబీ, నిన్ను చార్టు రాయమని ఎవరూ అడక్కపోయినా నువ్వూ చదువు. నీ చెయ్యి సంగతి కూడా ఇందులో వస్తుంది.

మన పెరటి నుయ్యి గుర్తుందిగా. మీరు ఆ ఇనుప జాలీ దగ్గరికి వెళ్తే చాలు, మామ్మ వంటింట్లోంచి కేకేస్తుంది. నా చిన్నప్పుడు ఈ ప్రహరీ లేదు, వీధిలో కొళాయిలు లేవు. ఇరవై ఇళ్లకీ అదే నుయ్యి. కోడి కూసేవేళ మొదలైన గిలక చప్పుడు రాత్రి గిన్నెలు కడగడం అయ్యేదాకా ఆగేది కాదు. అంత తోడినా తెల్లారి చూస్తే నీళ్లు మళ్లీ అదే ఒర దగ్గర. ఇప్పుడు నడుస్తున్నట్టే రోళ్లు పగిలే రోహిణి కార్తెలో కూడా ఎండిపోయి ఎరగదు.

పక్క వీధిలో ఇంకో నుయ్యి ఉండేది. మన దానికన్నా లోతు, లోపలంతా చెక్కిన రాయి. ఆ ఇంటి అన్నదమ్ములకి తగువొచ్చి, నూతిని పంచుకోలేక, చుట్టూ దడి కట్టి వదిలేశారు. అయిదేళ్లు అందులో ఒక్క చేద పడలేదు. చివరికి దడి తీసిన రోజు పిల్లలమంతా పరిగెత్తాం. రాళ్ల సందులోంచి రావిమొక్క మొలిచింది. నీళ్లు ఆకుపచ్చగా, ముక్కు మూసుకోవాల్సిన వాసన. అడుగున మనిషి లోతు పూడిక చేరి జలలన్నీ మూసుకుపోయాయి. మా తాత వంగి చూసి, "తోడకపోతే నుయ్యి చచ్చిపోతుందిరా" అన్నాడు. వాడకుండా ఉంచితే నీళ్లు మిగులుతాయనుకునే వయసు నాది. ఆ రోజంతా అదే ఆలోచిస్తూ కూర్చున్నాను.

ఒళ్లు కూడా నుయ్యేనమ్మా. చెప్పులు తొడిగినకొద్దీ అరుగుతాయి, ఒళ్లు వాడినకొద్దీ ఊరుతుంది. బాబీ, పోయిన ఏడు సైకిలు మీంచి పడి ఆరు వారాలు పిండికట్టుతో ఉన్నావు కదా. కట్టు విప్పిన రోజు రెండు చేతులూ పక్కపక్కన పెట్టి చూసుకుని ఏడ్చావు. ఒకటి మామూలుగా ఉంది, రెండోది మునక్కాడంత. ఎముక అతుక్కుంది, చేతికి వేరే జబ్బేమీ లేదు. ఆరు వారాలు దానికి పని లేదు, అంతే. తర్వాత బంతి విసిరీ విసిరీ కొన్ని నెలల్లో మళ్లీ రెండూ సమానం చేసుకున్నావు. చిట్టీ, నీ ప్రశ్నకి సగం జవాబు మీ తమ్ముడి చేతిలో ఉంది.

మిగతా సగం నా ఒంట్లో ఉంది. ఇరవై తొమ్మిదేళ్లు బస్సు నడిపాను. స్టీరింగ్ తిప్పే చేతులు, క్లచ్ తొక్కే కాలు, వాటికే పని. ఇంటికొస్తే పడక్కుర్చీ. నలభై ఆరో ఏట ఒకరోజు టైరు చూద్దామని గొంతుక్కూర్చుని, లేవలేకపోయాను. కండక్టరు చెయ్యి పట్టుకుని లేపాడు. ఆ వారమే రక్తం పరీక్ష చేయిస్తే షుగర్ అన్నారు. డాక్టరుగారు మందు రాసిచ్చి, "మీ ఉద్యోగం గురించే ఒక కథ ఉంది, వింటారా?" అన్నారు.

లండన్‌లో రెండంతస్తుల బస్సులు తిరిగేవి. డ్రైవరు రోజంతా కూర్చునే ఉండేవాడు. కండక్టరు టిక్కెట్ల కోసం కింది నుంచి పైకీ, పై నుంచి కిందికీ రోజుకు అయిదు వందలకు పైగా మెట్లు ఎక్కి దిగేవాడు. ఇద్దరూ తిరిగేది అదే బస్సు, అదే ఊరు. జెర్రీ మోరిస్ అనే డాక్టరు వేలమంది బస్సు సిబ్బంది ఆరోగ్యం లెక్కలు తీసి 1953లో ప్రకటించాడు. గుండె జబ్బు కండక్టర్లకి తక్కువ. వచ్చినా ఆలస్యంగా వచ్చింది, అంత తీవ్రంగానూ రాలేదు. ఉత్తరాలు పంచే పోస్టుమాన్లనీ, ఆఫీసులో కూర్చునే గుమాస్తాలనీ పోల్చి చూస్తే అక్కడా అదే తేలింది. తర్వాత ఆయన యూనిఫాం ప్యాంట్ల కొలతలు కూడా తీశాడు. డ్రైవర్ల నడుం కొలత ఎక్కువ, అదీ ఉద్యోగంలో చేరిన కుర్రవయసు నుంచే ఎక్కువ. అంటే కూర్చోవడం ఒక్కటే కారణం అనడానికి వీల్లేదు. తన మాటకి అడ్డొచ్చేదాన్ని కూడా వెతికి బయటపెట్టిన మనిషి కాబట్టే నాకు ఆయన మీద గౌరవం. 99 ఏళ్లు బతికి 2009లో పోయాడు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి నా ఖాకీ ప్యాంట్లు పెట్టెలోంచి తీసి మంచం మీద పరిచాను. చేరిన ఏడు కుట్టించుకున్నది ముప్ఫై అంగుళాలు. ఆ ఏడాది కుట్టించింది ముప్ఫై ఎనిమిది. మర్నాడు పొద్దున్నే నడక మొదలుపెట్టాను. మొదటి రోజు రామాలయం దాకా వెళ్లేసరికి ఆయాసం. నెలన్నరకి చెరువు గట్టు చివర తూము దాకా వెళ్లి రాగలిగాను. ఆ తూము మీద కూర్చుని చెమట తుడుచుకుంటుంటే, ఇరవై ఏళ్లు ముందే వచ్చి కూర్చోవాల్సింది ఇక్కడ అనిపించింది. చిట్టీ, నీకు ఇప్పుడే చెబుతున్నది అందుకే.

ఇక చార్టులో ఏం రాయాలో చూద్దాం. మన నూతికి నాలుగు జలలు. వేసవిలో పూడిక తీసేవాళ్లు లోపలికి దిగి "ఇదుగో ఇక్కడ చల్లగా తగులుతోంది" అని చేత్తో చూపించేవారు. ఒంటికీ నాలుగున్నాయి. ఊపిరి, బలం, ఒంపు, నిలకడ. ఒకటి మూసుకుపోయినా మిగతా మూడూ కొన్నాళ్లు లాక్కొస్తాయి కాబట్టి మనకి తెలియదు. పరిగెత్తేవాడు వంగలేడు. బరువులెత్తేవాడు మూడంతస్తులు ఎక్కితే రొప్పుతాడు. చార్టులో నాలుగింటికీ చోటుండాలి.

ఊపిరికి నడక, పరుగు, సైకిలు, ఈత, ఏదైనా సరే. కొలత సులువు. చేస్తూ మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. పాట కూడా హాయిగా వస్తోందంటే ఇంకాస్త వేగం పెంచవచ్చు. ఒంపుకి పొద్దున నాలుగు ఆసనాలు చాలు. కింద కూర్చుని అన్నం తినడం, చెయ్యి ఆనించకుండా లేవడం అందులోకే వస్తాయి. మీ ఫ్లాట్‌లో డైనింగ్ టేబుల్ ఉంది, వారంలో రెండు రోజులు దాన్ని పక్కన పెట్టి కింద కూర్చోండి. నిలకడకి ఒంటికాలి మీద నిలబడటం. నేను పళ్లు తోముకున్నంతసేపూ ఒక కాలి మీదే ఉంటాను, సగంలో కాలు మారుస్తాను. ముసలివాళ్లు పడి తుంటి విరగ్గొట్టుకునేది నిలకడ పోయాకే.

బలం గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. నూతికి నీళ్లెంత ముఖ్యమో ఒరలూ అంతే ముఖ్యం. ఒంట్లో ఒరలంటే ఎముకలు. వాటిని కట్టుకునేది మీ వయసులోనే. పద్దెనిమిది, ఇరవై ఏళ్లు వచ్చేసరికి జీవితం మొత్తానికి కావలసిన ఎముకలో దాదాపు తొంభై శాతం పోగైపోతుంది. ముప్ఫై దాటాక ఉన్నదాన్ని నిలబెట్టుకోవడమే పని. పైగా ఎముకని బయటినుంచి ఎవరూ కట్టలేరు. గెంతినప్పుడు, పరిగెత్తినప్పుడు పాదం నేలకి తగిలే దెబ్బకి అదే లోపల గట్టిపడుతుంది. తాడాట, తొక్కుడుబిళ్ల, కబడ్డీ అన్నీ ఒరలు కట్టే పనులే. టెన్నిస్ ఆడేవాళ్ల చేతులు ఎక్స్‌రే తీసి చూశారు. బ్యాటు పట్టే చేతి ఎముక రెండో చేతి ఎముకకన్నా మందంగా ఉంది, చిన్నప్పుడే ఆట మొదలుపెట్టినవాళ్లలో ఆ తేడా మరీ ఎక్కువ. ఒకే మనిషి, ఒకే తిండి, రెండు చేతులు. బరువు ఏ చేతి మీద పడుతోందో ఆ ఎముకకి తెలిసి, అక్కడే, అంతే మందంగా పేర్చుకుంది. చీకట్లో కూర్చుని కట్టే ఆ మేస్త్రీని తల్చుకుంటే నాకు ఈ వయసులోనూ ఒళ్లు పులకరిస్తుంది.

అయితే తొందర పనికిరాదు. మా కాలంలో మా వైపు పిల్లలకి కోడి రామమూర్తి నాయుడుగారి పేరు చెప్పి దండీలు, బస్కీలు తీయించేవారు. 1882లో వీరఘట్టంలో పుట్టి, ఏనుగుని ఛాతీ మీద ఎక్కించుకున్న మహాబలుడు. ఆ కథలు విని విని, పదిహేనో ఏట సంక్రాంతినాడు, రామాలయం ముందున్న గుండురాయిని ఎత్తబోయాను. అంతకు ముందు దాన్ని ఎప్పుడూ ముట్టుకోలేదు. అది మోకాలి దాకా లేచింది, నడుం టక్కుమంది. పది రోజులు ఆముదం రాయించుకుని బోర్లా పడుకున్నాను. మన ఆమదాలవలస వైపు పిల్ల కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో ఒకసారి 110 కిలోలు, ఇంకోసారి 130 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చింది. ఆమె బరువులు పట్టడం మొదలుపెట్టింది పన్నెండేళ్లప్పుడు. మధ్యలో పదమూడేళ్ల రోజువారీ పని ఉంది. మీరు ఈ వారం పది గుంజీలు తీస్తే వచ్చే వారం పన్నెండు, అంతే పెంచండి. ఒకేసారి నాలుగూ పెంచొద్దు.

విశ్రాంతి కూడా చార్టులో రాయాలి. మా పెద్దక్క పెళ్లికి మూడు వందల మంది వచ్చారు. పొద్దుటినుంచి తోడుతూనే ఉన్నారు. మూడు గంటలకి చేదలో బురద నీళ్లు పైకొచ్చాయి. మా తాత చాంతాడు విప్పి భుజాన వేసుకుని, "ఇంక ఇవాళ్టికి నూతిని పడుకోనివ్వండి" అని లోపలికి వెళ్లిపోయాడు. తెల్లారేసరికి అద్దంలాంటి నీళ్లు. కండ పెరిగేది కూడా ఎత్తినప్పుడు కాదర్రా, ఆ తర్వాత తిని పడుకున్నప్పుడు. బాబి వయసుకి రాత్రి తొమ్మిది గంటల నిద్రకి తగ్గకూడదు, చిట్టికి ఎనిమిదికి తగ్గకూడదు. కొత్త వ్యాయామం చేసిన మర్నాడు ఒళ్లు నొప్పులు సహజం, రెండు మూడు రోజుల్లో పోతాయి. కీలు దగ్గర పొడిచినట్టుంటే మాత్రం ఆపేసి అమ్మకి చెప్పండి. జ్వరం వస్తే అన్నీ మానేయండి. ఈ ఎండల్లో పొద్దున ఏడులోపు, లేదా పొద్దుగూకాక.

ఎంతసేపు అంటే, ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకి రోజుకి సగటున 60 నిమిషాలు, అందులో వారానికి మూడు రోజులైనా ఎముకకీ కండకీ పని. మీ నాన్నలాంటి పెద్దవాళ్లకి వారానికి 150 నుంచి 300 నిమిషాలు, రెండు రోజులు బలం పని. మాలాంటి 65 దాటినవాళ్లకి ఇవి కాక మూడు రోజులు నిలకడ పని. మీ నాన్నకి ఈ ముక్క చదివి వినిపించండి. టెన్షన్ అంటూ రాత్రి పదకొండు దాకా కుర్చీలోనే ఉంటాడు.

60 నిమిషాలూ ఒక్క బిగిన చేయక్కర్లేదు. చేద చేదకీ మధ్య మేమూ గట్టు మీద కబుర్లు చెప్పుకునేవాళ్లం. అన్నిటికన్నా ముందు చిట్టీ, నీకు నచ్చిందే రాసుకో. నీకు పరుగు అసహ్యం, తాడాట ఇష్టం. అయితే తాడాటే రాయి. డెబ్బై ఏళ్లకి కూడా చేయాలనిపించేది ఏదో అది వెతుక్కో. నాకు తోడడం దొరికింది. మోటారు ఉన్నా, రోజూ పొద్దున ఇరవై చేదలు తోడి మొక్కలకి పోస్తాను.

ఇవాళ రాత్రి ఒక పని చేయండి. పడుకునే ముందు మణికట్టు మీద, బొటనవేలి కింద, రెండు వేళ్లు ఆనించి ఒక్క నిమిషం లెక్కపెట్టండి. ఎన్ని కొట్టుకుందో రాసుకోండి. రేపు పొద్దున రెండు నిమిషాలు తాడాట ఆడి, ఆపిన వెంటనే మళ్లీ లెక్కపెట్టండి. అది రాత్రి అంకెకి దిగిరావడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో చూడండి. ఒకరి నాడి ఒకరు పట్టుకుని చూస్తే ఇంకా బాగుంటుంది. చార్టులో మొదటి గీత అదే. నెల తర్వాత మళ్లీ చూసి, రెండు అంకెలూ నాకు కార్డు మీద రాయండి. ఫోన్‌లో చెప్పొద్దు, నేను దాచుకోవాలి.

దసరాకి వస్తారు కదా. జాలీ తీసి ఉంచుతాను, మామ్మతో నేను మాట్లాడతాను. కొత్త చాంతాడు కొన్నాను. మొదటి చేద బాబిది, ఆ చేత్తోనే.

మీ
తాతయ్య