మాత్రకు లొంగని తూలుడు: పార్కిన్సన్స్‌లోకి తాయ్ చీ ఎలా వచ్చింది

1817లో లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్, ఇప్పుడు పార్కిన్సన్స్ అంటున్న ఈ వణుకు జబ్బు మీద ఒక చిన్న పుస్తకం వేశారు. అందులో ఉన్నది ఆరుగురి సంగతే. వాళ్లలోనూ కొందరిని ఆయన వీధిలో చూశారంతే. వణుకుతో పాటు ఇంకోటి కూడా ఆయన కంటపడింది: మనిషి ముందుకు వంగిపోతాడు, నడక అతని ప్రమేయం లేకుండానే పరుగైపోతుంది. పార్కిన్సన్స్ అనగానే అందరికీ వణుకే గుర్తొస్తుంది కానీ, ఇంట్లోవాళ్లకి అసలు టెన్షన్ ఈ రెండోదానితోనే. ఎప్పుడు ఎక్కడ పడిపోతారో అని.

1960ల చివర్లో లెవోడోపా వాడకంలోకి వచ్చింది. మెదడులో తగ్గిన డోపమైన్‌ను, అంటే కదలికలు సాఫీగా సాగేలా చూసే రసాయనాన్ని, కొంత భర్తీ చేసే మందు అది. బిగుసుకుపోయి కదల్లేని వాళ్లు లేచి తిరిగారు. అయితే బ్యాలెన్స్ దగ్గరికి వచ్చేసరికి, ముఖ్యంగా జబ్బు ముదిరాక, ఆ మందు అంతగా పనిచేయదు. నెమ్మదైన కదలికలతో చేసే చైనా వ్యాయామం తాయ్ చీ అవసరం పడింది ఇక్కడే.

నిజానికి అది వైద్యం కోసం పుట్టింది కాదు. 17వ శతాబ్దంలో చైనాలోని హెనాన్‌లో చెన్ వంశంవాళ్ల ఊళ్లో రూపుదిద్దుకున్న యుద్ధవిద్య. 1956లో చైనా ప్రభుత్వం దాన్ని 24 భంగిమలకు కుదించాక మామూలు జనానికి అందుబాటులోకి వచ్చింది. 1996లో అమెరికాలోని అట్లాంటాలో 70 ఏళ్లు, ఆపైబడినవాళ్లతో 15 వారాలు చేయించి చూస్తే, పదేపదే పడిపోయే ముప్పు సగానికి దగ్గరగా తగ్గింది.

ఎందుకు పనిచేస్తుందో ఒక్క అడుగు చూస్తే తెలుస్తుంది. మోకాళ్లు కాస్త వంచి బరువంతా ఎడమ కాలి మీదకి తెచ్చుకుంటారు. కుడి కాలు పూర్తిగా తేలికైతే గానీ లేపరు. ముందు మడమ ఆనుతుంది, తర్వాత పాదం, ఆ తర్వాతే బరువు. పార్కిన్సన్స్‌లో తప్పిపోయేది సరిగ్గా ఈ వరసే. కాళ్లు నేలకి అతుక్కుపోయినట్టు ఆగిపోతాయి, ఒళ్లు మాత్రం ముందుకు పోతుంది. అలవాటుగా పడాల్సిన అడుగు పడనప్పుడు, దాన్ని మనసు పెట్టి వేయడం నేర్పుతుంది తాయ్ చీ.

గట్టి రుజువు 2012లో దొరికింది. అమెరికాలోని ఓరెగాన్‌లో పరిశోధకుడు ఫుజాంగ్ లీ బృందం పార్కిన్సన్స్ ఉన్న 195 మందిని మూడు జట్లు చేసింది: తాయ్ చీ, కండరాల బలానికి వ్యాయామం, స్ట్రెచింగ్. వారానికి రెండుసార్లు, గంట చొప్పున, 24 వారాలు. నిలకడలో తాయ్ చీ జట్టు మిగతా రెండింటినీ దాటింది. స్ట్రెచింగ్ చేసినవాళ్లకంటే తక్కువసార్లు పడ్డారు. ఆపేసిన 3 నెలలకీ ఆ మేలు నిలిచింది. బలం వ్యాయామం చేసినవాళ్లతో పోలిస్తే మాత్రం పడటంలో స్పష్టమైన తేడా కనిపించలేదు. ఈ ముక్క చాలామంది వదిలేస్తారు. నా దృష్టిలో ఇది తప్పకుండా చెప్పాల్సిందే, ఎందుకంటే తాయ్ చీ కుదరనివాళ్లకి ఇంకో దారి ఉందని దీనివల్లే తెలుస్తుంది.

2023లో షాంఘై వైద్యులు 334 మందిని ఏళ్ల తరబడి గమనించి, తాయ్ చీ చేసేవాళ్లలో జబ్బు నెమ్మదిగా ముదిరిందనీ, మందు డోసు పెంచాల్సిన అవసరం కూడా తగ్గిందనీ రాశారు. ఆశ కలిగించే మాటే. కానీ ఎవరు ఏ జట్టులో ఉండాలో అక్కడ లాటరీ తీసినట్టు పంచలేదు. తాయ్ చీకి వచ్చినవాళ్లు ముందునుంచే కాస్త ఓపిక ఉన్నవాళ్లు అయ్యుండొచ్చు. అందుకే దీన్ని చూసి మాత్రలు తగ్గించుకోకూడదు. మొదలుపెట్టేవాళ్లు డాక్టర్‌ని అడిగి, మందు బాగా పనిచేస్తున్న వేళ చూసుకుని, చేతికందేలా ఒక బరువైన కుర్చీ, పక్కన ఒక మనిషి ఉండేలా చూసుకోవాలి.